చేత్తో తీసుకుంటానన్న పిల్ల: ‘టెస్’ గురించి నా జవాబు

మీరు అడిగింది ఇది. రొమాన్ పొలాన్‌స్కీ 1979లో తీసిన ‘టెస్’ చూశారు. దృశ్యాలు కళ్ళు తిప్పుకోనివ్వలేదు గానీ కథానాయిక మీద విసుగొచ్చింది. దాదాపు మూడు గంటల సినిమాలో ఆమె తనంతట తాను ఏమీ చెయ్యదు, అన్నీ ఆమెకి జరుగుతూ పోతాయి, ఆఖర్న ఒక్కసారి కత్తి పడుతుంది. అంత అందాన్నీ అంత మౌనాన్నీ కలిపి చూపిస్తే జాలి పుడుతుంది సరే, మరి తన బతుక్కి తనకి బాధ్యత లేదా అన్నారు.

ఈ ప్రశ్న నాకు కొత్త కాదు. కోస్తాలో ఒక డిగ్రీ కాలేజీలో ఇరవై ఎనిమిదేళ్ళు ఇంగ్లీషు చెప్పాను. ఈ సినిమాకి మూలమైన థామస్ హార్డీ నవల చాలా ఏళ్ళు నా వంతుకే వచ్చేది. మగపిల్లలు క్లాసులోనే లేచి “అంత జరుగుతుంటే ఆ అమ్మాయి నోరెత్తదేంటి మేడమ్?” అనేవాళ్ళు. ఆడపిల్లలు క్లాసు అయిపోయాక, వరండాలో, గొంతు తగ్గించి అదే అడిగేవాళ్ళు. మాటలు అవే గానీ ఆ రెండు ప్రశ్నలూ ఒకటి కావని నాకు తెలియడానికి కొన్నేళ్ళు పట్టింది.

చూడనివాళ్ళ కోసం కథ క్లుప్తంగా చెప్పేస్తాను. పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండ్ పల్లె. టెస్ ఒక బీద ఇంట్లో పెద్దపిల్ల. తాగుబోతు తండ్రికి ఎవరో పాదిరీ మీది ఒకప్పటి గొప్ప వంశమని చెబుతాడు. ఆ ఇంటిపేరే ఉన్న డబ్బున్నవాళ్ళ దగ్గరికి, బంధుత్వం చెప్పుకుని సాయం అడగమని పిల్లని పంపిస్తారు. వాళ్ళు ఆ పేరు తగిలించుకున్న కొత్త ధనవంతులు, చుట్టాలు కానే కారు. ఆ ఇంటి కొడుకు అలెక్ ఆమెని చెరుస్తాడు. బిడ్డ పుట్టి చనిపోతుంది. తర్వాత ఒక పాల డెయిరీలో పనిచేస్తుంటే ఏంజెల్ క్లేర్ అనే చదువుకున్న యువకుడు ప్రేమించి పెళ్ళి చేసుకుంటాడు. పెళ్ళి రాత్రి ఆమె జరిగినదంతా చెబుతుంది. అతను వదిలేసి బ్రెజిల్ వెళ్ళిపోతాడు. తిరిగొచ్చేసరికి ఆమె మళ్ళీ అలెక్ పంచన ఉంటుంది. అలెక్‌ని చంపేసి ఏంజెల్‌తో కొద్ది రోజులు గడుపుతుంది, స్టోన్‌హెంజ్ అనే ప్రాచీన రాతి స్తంభాల మధ్య పట్టుబడుతుంది. ఉరి వేస్తారు.

1990ల మధ్యలో ఒకసారి ఈ సినిమా క్యాసెట్ హైదరాబాద్‌లో ఒక స్నేహితురాలి దగ్గర దొరికితే తెచ్చాను. మేడమీద గదిలో అద్దె టీవీ పెట్టి, కిటికీలకి దుప్పట్లు కట్టి, ఫైనలియర్ పిల్లలకి వేశాను. మీకూ గుర్తుండే ఉంటుంది, స్ట్రాబెర్రీ ఘట్టం. అలెక్ ఒక పండు తుంచి, తొడిమ పట్టుకుని ఆమె నోటి దగ్గర పెడతాడు. ఆమె తింటుంది. గది అంతా నిశ్శబ్దం అయిపోయింది. వెనక బెంచీ నుంచి ఎవడో చిన్నగా ఈల వేశాడు కూడా.

మర్నాడు ఒక అమ్మాయి స్టాఫ్ రూమ్‌కి వచ్చింది. మగ్గం మీద పనిచేసే ఇంటి పిల్ల, క్లాసులో పెద్దగా మాట్లాడేది కాదు. నవల తెరిచి నా ముందు పెట్టి ఒక వాక్యం మీద వేలు ఉంచింది. “ఇక్కడ చూడండి మేడమ్. ముందు వద్దంది. నేను చేత్తో తీసుకుంటానంది. అతనే ఒప్పుకోలేదు.”

అప్పటికి ఆ పేజీ ఎన్నోసార్లు పాఠం చెప్పినదాన్ని. ఆ వాక్యాన్ని ఒక్కసారీ ఆగి చూడలేదు. నేను కూడా అందరిలాగే పెదాలనీ పండునీ చూశాను. ఆమె చెయ్యి నాకు కనపడలేదు.

మీకు చెప్పదలుచుకున్నదంతా నిజానికి అందులోనే ఉంది. టెస్ ఏమీ చెయ్యదని మనకి అనిపించడానికి సగం కారణం మనం ఎక్కడ చూస్తున్నామన్నది. ఆమె ముఖం అంత బాగుంటుంది కాబట్టి ముఖమే చూస్తాం. చేతులు ఏం చేస్తున్నాయో చూడం.

ముఖం సంగతి ముందు మాట్లాడుకుందాం. ఈ కథలో అందం టెస్ ఆస్తి కాదు. ఆమెని అలెక్ ఇంటికి పంపేటప్పుడు తల్లి తల రుద్ది, జుట్టు విరబోసి, వయసుకి మించి కనపడేలా తెల్ల గౌను తొడిగి, పెళ్ళిచూపులకి తయారుచేసినట్టు చేస్తుంది. మన పిల్ల చేతిలో తురుపు ముక్క ఉంది, ఆడటం తెలిస్తే చాలు అంటుంది మొగుడితో. ఏంటది, మన వంశ రక్తమా అని అతను అడిగితే, కాదయ్యా, దాని మొహం, ఒకప్పటి నా మొహం అంటుంది. తల్లి దుర్మార్గురాలు కాదు. ఇంట్లో ఉన్న ఒకే ఒక గుర్రం చచ్చిపోయింది, బండి కదలదు, తినడానికి లేదు. ఉన్న పెట్టుబడి పిల్ల రూపమే అనుకుంది. మన ఊళ్ళలో “పిల్ల బావుంది, కట్నం లేకుండా పోతుంది” అన్న మాట వినని వాళ్ళెవరు? అందం అలా ఇంటి లెక్కల్లోకి ఎక్కాక, దాన్ని మోసే మనిషికి దాని మీద హక్కు పోతుంది.

ఆ గుర్రం చావు దగ్గర కాస్త ఆగుతాను, బాధ్యత అన్న మాట అక్కడే మొదలవుతుంది కాబట్టి. తండ్రి తాగి లేవలేకపోతే తెల్లవారుజామున తేనెపట్ల పెట్టెలు సంతకి చేర్చడానికి టెస్ తమ్ముణ్ణి తీసుకుని బండి తోలుతుంది. దారిలో కునుకు పడుతుంది. ఎదురొచ్చిన మెయిల్ బండి కోల గుర్రం రొమ్ములోకి దిగబడుతుంది. రక్తం ఆపాలని ఆమె గాయం మీద చెయ్యి అడ్డం పెడుతుంది. ఒళ్ళంతా రక్తం చిమ్ముతుంది. తల్లీతండ్రీ ఆమెని పెద్దగా తిట్టరు. తనని తాను తిట్టుకునేది టెస్ ఒక్కతే. తప్పు నాది కాబట్టి దాన్ని నేనే పూడ్చాలి అనుకుంటుంది, అందుకే ఇష్టం లేకపోయినా అలెక్ ఇంటికి వెళ్ళడానికి ఒప్పుకుంటుంది. బాధ్యత లేని పిల్ల అయితే ఆ గడప తొక్కేదే కాదు. ఆమెని అక్కడికి నెట్టింది బాధ్యతే.

తప్పు వేరు, బాధ్యత వేరు. ఈ కథలో అందరూ తప్పు ఎవరిదో తేల్చడంలో మునిగి ఉంటారు. జరిగినదాన్ని నెత్తిన వేసుకుని ఇప్పుడేం చెయ్యాలి అని ఆలోచించేది మాత్రం టెస్ ఒక్కతే.

ఇక అలెక్ ఆమెని చెరిచిన ఆ అడవి రాత్రి. ఆమె ఒప్పుకుందా, లేదా? ఇంగ్లీషు పాఠకులు నూటముప్పై ఏళ్ళుగా వాదించుకుంటున్నారు. హార్డీ కూడా దాన్ని దిద్దుతూ పోయాడు. 1891లో వచ్చిన మొదటి ముద్రణలో అలెక్ ఆమె చేత ఏదో మందు కలిసిన ద్రవం తాగిస్తాడు, తర్వాతి ముద్రణల్లో ఆ ముక్క తీసేశాడు. కానీ ఆమె నిద్రలో ఉందన్నది అలాగే ఉంచాడు. సినిమా ఆ రాత్రిని పొగమంచులో పెట్టి, ఆమె మొదట కాస్త మెత్తబడినట్టు, తర్వాత పెనుగులాడినట్టు చూపించి ఇంకా మసక చేస్తుంది.

మనకి ఈ వాదం పరాయిది కాదు. అహల్య కథ గుర్తు చేసుకోండి. వాల్మీకి బాలకాండలో వచ్చినవాడు ఇంద్రుడని ఆమెకి తెలుసు. తర్వాతి కథనాలు చాలావాటిలో తెలియదు, పాపం మోసపోయింది. దక్షిణాదిన మధుర నాయక రాజుల కాలం నాటి తెలుగు కావ్యం ‘అహల్యాసంక్రందనము’లో ఆమె ముందునుంచే ఇంద్రుడి మీద మనసు పడింది. తెలిసి చేసిందా, తెలియక చేసిందా అని ఒక జాతి శతాబ్దాల తరబడి అడిగింది. ఇంద్రుడికి తెలుసా అని అడగలేదు, ఆయనకి తెలుసన్నది అందరికీ తెలుసు కాబట్టి. తెలిసి చేసినవాడి గురించి ప్రశ్న పుట్టదు, రాయిగా పడున్న మనిషి చుట్టూనే ప్రశ్నలన్నీ పుడతాయి. క్లాసులో మగపిల్లల ప్రశ్న ఈ జాతిది. వరండాలో ఆడపిల్లలు అడిగింది వేరు. “నేనైతే ఏం చెయ్యగలిగేదాన్ని?” అన్నది దాని అసలు రూపం.

ఆ రాత్రి తర్వాత టెస్ ఏం చేసిందో చూడండి. కొన్ని వారాలు అక్కడే ఉండిపోతుంది, అది నిజం. తర్వాత ఎవరికీ చెప్పకుండా, బరువైన బుట్ట మోసుకుంటూ తెల్లారేసరికి ఇంటి దారి పడుతుంది. అలెక్ వెంటపడి బండి ఎక్కించుకుంటాడు, డబ్బిస్తానంటాడు, ఎప్పుడు కావాలన్నా కబురు చెయ్యమంటాడు. తీసుకోనంటుంది. ఒక్క మాట, నీ మీద ప్రేమ ఉంది అని అబద్ధం చెబితే ఆ క్షణంలో ఆమె బతుకు బాగుపడేది, పెళ్ళి కూడా అయ్యేదేమో. అది ఆమెకీ తెలుసు, ఆ మాటే అంటుంది కూడా. ఆ అబద్ధం చెప్పకపోవడానికి సరిపడా పరువు నాకింకా మిగిలింది అన్న అర్థంలో. పదిహేడేళ్ళ కూలి పిల్ల!

బిడ్డ జబ్బు పడ్డప్పుడు ఇంకో మెట్టు. బాప్తిజం లేకుండా చనిపోతే బిడ్డ నరకానికి పోతుందని ఆమె నమ్మకం. పరువు పోతుందని తండ్రి తలుపు తాళం వేసి తాళంచెవి జేబులో వేసుకుంటాడు, పాదిరీని రానివ్వడు. నడిరేయి టెస్ కొవ్వొత్తి వెలిగించి, నిద్రపోతున్న తమ్ముళ్ళనీ చెల్లెళ్ళనీ లేపి చుట్టూ మోకాళ్ళ మీద కూర్చోబెడుతుంది. చెల్లెలి చేత ప్రార్థన పుస్తకం పట్టించి, కూజాలో నీళ్ళతో తనే బాప్తిజం ఇస్తుంది. బిడ్డకి పెట్టిన పేరుకి అర్థం ‘దుఃఖం’. చనిపోయాక పాదిరీ దగ్గరికి వెళ్ళి నేనిచ్చిన బాప్తిజం చెల్లుతుందా అని అడుగుతుంది. చెల్లుతుందంటాడు గానీ శ్మశానంలో పద్ధతి ప్రకారం చోటివ్వనంటాడు. అయితే మీరు నాకు నచ్చలేదు, మీ చర్చికి ఇక రాను అని మొహం మీద అనేసి వచ్చేస్తుంది. రెండు చెక్క పేళ్ళు దారంతో కట్టి శిలువ చేసి, మార్మలేడ్ సీసాలో పూలు పెట్టి, బిడ్డని పూడ్చిన మూల పాతుతుంది. ఒక మతవ్యవస్థ మొత్తం చెయ్యను అన్న పనిని ఒక పిల్ల తన చేతులతో చేసింది. దీన్ని నిష్క్రియత్వం అంటే నేను ఒప్పుకోను.

మరి మీకు ఆమె నిశ్చలంగా ఎందుకు అనిపించింది? దానికి బాధ్యత సినిమాకీ ఉంది. నాకు ఈ సినిమా చాలా ఇష్టం, అయినా చెబుతాను. ఛాయాగ్రహణం జెఫ్రీ అన్స్‌వర్త్ మొదలుపెట్టాడు, 1978లో షూటింగ్ మధ్యలోనే చనిపోయాడు, మిగతాది గిస్లెన్ క్లోకే పూర్తిచేశాడు. ఇద్దరికీ కలిపి ఆస్కార్ వచ్చింది. కళాదర్శకత్వానికీ దుస్తులకీ కూడా వచ్చింది. మూడు అవార్డులూ కంటికి కనపడేవాటికే వచ్చాయని గమనించండి. మంచు, గోధుమ చేలు, సాయంత్రపు పసుపు వెలుగు, మధ్యలో నస్టాసియా కిన్‌స్కీ ముఖం. షూటింగ్ మొదలయ్యేసరికి ఆ అమ్మాయికి పద్దెనిమిది నిండలేదు. ఆమె చాలా తక్కువ నటించినట్టు ఉంటుంది, కనురెప్పలు దించుకునే ఉంటుంది, మాట మెల్లగా వస్తుంది. అది తక్కువ నటన కాదనీ, పెద్దవాళ్ళ ముందు జాగ్రత్తగా మసలుకునే పిల్ల తీరు అదేననీ నా అభిప్రాయం. కానీ అంత అందమైన వెలుగులో ఆ జాగ్రత్త కూడా అందంగానే కనపడుతుంది. ప్రమాదం అక్కడుంది.

దర్శకుడి గురించి మాట్లాడకుండా దాటేయడం నిజాయితీ కాదు. పొలాన్‌స్కీ 1977లో అమెరికాలో పదమూడేళ్ళ బాలిక విషయంలో అరెస్టయ్యాడు, చట్టవిరుద్ధమైన లైంగిక సంబంధం నేరాన్ని కోర్టులో ఒప్పుకున్నాడు, శిక్ష పడకముందే 1978లో ఫ్రాన్స్‌కి వెళ్ళిపోయాడు. ఇంగ్లండ్‌లో అడుగుపెడితే అమెరికాకి అప్పగించే ప్రమాదం ఉంది కాబట్టి ఇంగ్లీషు పల్లెలన్నీ నార్మండీ, బ్రిటనీ ప్రాంతాల్లో తీశాడు. స్టోన్‌హెంజ్ కూడా ఫ్రాన్స్‌లో వేసిన సెట్టే. సినిమా మొదట్లో ‘షారన్‌కి’ అని అంకితం కనపడుతుంది. 1969లో హత్యకి గురైన ఆయన భార్య షారన్ టేట్ ఆమె. ఈ నవల చదవమని ఆయన చేతిలో పెట్టింది ఆమే. ఈ రెండు సంగతులూ ఒకే సినిమాలో ఉన్నాయి. ఒకదాన్ని తీసుకెళ్ళి ఇంకోదాని కింద దాచడం నాకు చేతకాదు. ఒక పిల్లకి జరిగిన అన్యాయాన్ని ఇంత సున్నితంగా చూపించిన మనిషి, తన దగ్గరికి వచ్చేసరికి బాధ్యత నుంచి పారిపోయాడు. మీరు సినిమాని ఇంకోసారి చూస్తే ఇది తెలిసి చూడండి.

అసలు ఈ చూపు హార్డీ దగ్గరే మొదలైంది. 1856లో, ఆయనకి పదహారేళ్ళప్పుడు, డార్చెస్టర్ జైలు బయట ఎలిజబెత్ మార్తా బ్రౌన్ అనే ఆమెని బహిరంగంగా ఉరితీశారు. కొట్టే మొగుణ్ణి గొడ్డలితో చంపిందని నేరం. ఆ జనంలో హార్డీ ఉన్నాడు. ముసలితనంలో దాని గురించి రాస్తూ, వాన తుంపరలో నల్ల పట్టు గౌను ఒంటికి అతుక్కుని ఆమె ఆకారం ఆకాశం మీద ఎంత చక్కగా కనపడిందో గుర్తు చేసుకున్నాడు. మొదటిసారి ఆ వివరం చదివినప్పుడు నాకు కడుపులో తిప్పింది. ఆయన దాచుకోలేదు, అది మెచ్చుకోవాలి. చచ్చిపోతున్న ఆడదాన్ని చూస్తూ అందం గమనించానని ఒప్పుకున్నాడు. ఆ తప్పు తెలిసినవాడు రాసిన నవల ఇది అని నేననుకుంటాను. నవల పేరు కింద ‘ఒక పవిత్ర స్త్రీ’ అని ఆఖరి నిమిషంలో చేర్చి, దానికోసం బతికినన్నాళ్ళూ తిట్లు తిన్నాడు. అంతకుముందు పత్రికలో సీరియల్‌గా వచ్చినప్పుడు అడవి రాత్రీ బాప్తిజమూ రెండూ కోసేయాల్సి వచ్చింది. ఇంకో సంగతి వింటే నవ్వొస్తుంది గానీ బాధే. వాన నీళ్ళు నిండిన దారి మీద ఏంజెల్ డెయిరీ అమ్మాయిలని చేతుల మీద ఎత్తి దాటించే ఘట్టం ఉంది కదా, ఆ పత్రికవాళ్ళ మర్యాద కోసం వాళ్ళని తోపుడుబండిలో దాటించాడని మార్చాడు.

ఏంజెల్ గురించి. అలెక్ కంటే నాకు ఇతని మీదే కోపం. అలెక్ ఆమె ఒంటిని చూశాడు, ఇతను ఆమెని చూడనే లేదు. డెయిరీలో తెల్లవారుజాము మసక వెలుతుర్లో ఆమెని ఆర్టెమిస్ అనీ డిమీటర్ అనీ గ్రీకు దేవతల పేర్లతో పిలుస్తాడు. ఆమెకి నచ్చదు. నన్ను టెస్ అని పిలవండి అంటుంది. ఎంత చిన్న కోరిక! పెళ్ళికి కొన్ని రోజుల ముందు, తనకి జరిగిందంతా కాగితం మీద రాసి అతని గది తలుపు కిందనుంచి తోస్తుంది. అది వెళ్ళి తివాచీ కిందకి దూరుతుంది. పెళ్ళిరోజు పొద్దున్న చూసుకుని, అప్పుడు కూడా మాట్లాడాలని ప్రయత్నిస్తుంది. తర్వాత చెప్పుకుందాంలే అంటాడు అతను. ఆ రాత్రి ముందు అతనే తను లండన్‌లో ఒక స్త్రీతో రెండు రోజులు గడిపిన సంగతి చెబుతాడు. ఆమె ఆ క్షణమే క్షమిస్తుంది. సంతోషిస్తుంది కూడా, నాదీ అలాంటిదే కదా అని. ఆమె చెప్పాక అతనన్న మాట తెలుసు కదా: నేను ప్రేమించింది నిన్ను కాదు, నీ రూపంలో ఉన్న ఇంకొకరిని. అందాన్ని ప్రేమించినవాడు మనిషి ఎదురుపడేసరికి భయపడ్డాడు.

ఇప్పుడు మీ వైపు న్యాయం చేస్తాను. టెస్ తప్పులు లేనిది కాదు. నా లెక్కలో రెండు చోట్ల ఆమె తన చేతిలో ఉన్నదాన్ని వదిలేసింది. ఒకటి, ఏంజెల్ వెళ్ళిపోతుంటే ఒక్క మాట పోట్లాడలేదు. అప్పుడు గొడవ చేసి ఉంటే, ఏడ్చి మూర్ఛపోయి ఉంటే అతను మెత్తబడేవాడేమో అని హార్డీయే అంటాడు. ఆమె అతను వేసిన శిక్షని న్యాయమనుకుంది. మీరంటున్న నిష్క్రియత్వం ఎక్కడైనా ఉంటే ఇక్కడ ఉంది. రెండోది, చలికాలంలో పొలం పనికి పోయి చేతులు పగిలి, ఇక బతకలేక, ఏంజెల్ తల్లిదండ్రులని సాయం అడగడానికి పదిహేను మైళ్ళు నడుస్తుంది. ఊరి బయట మందపాటి బూట్లు విప్పి పొదలో దాచి మంచి బూట్లు తొడుక్కుంటుంది, అత్తగారింటికి వెళ్తున్నానని. తలుపు కొడితే ఎవరూ లేరు, చర్చిలో ఉన్నారు. ఈలోగా ఏంజెల్ అన్నలు మాట్లాడుకుంటుంటే తమ్ముడి పెళ్ళి గురించి చులకన మాట చెవిన పడుతుంది. వాళ్ళతో ఉన్న ఆవిడ ఆ పాత బూట్లు ఎవరో పారేసినవి అనుకుని బీదలకి ఇవ్వడానికి పట్టుకుపోతుంది. టెస్ వెనక్కి తిరుగుతుంది. మామగారు నిజంగా దయగల మనిషి, అడిగితే కాదనేవాడు కాదు. ఆమె ఆత్మాభిమానం అడ్డొచ్చింది. ఆ బూట్ల ఘట్టం పాఠం చెప్పేటప్పుడు నా గొంతు ఎప్పుడూ ఒకేలా ఉండేది కాదు. ఇంకొక్క పది నిమిషాలు గేటు దగ్గర నిలబడమ్మా అని అరవాలనిపిస్తుంది.

అంతకుముందు పనికోసం వెళ్తున్నప్పుడు ఒకసారి, దారిలో మగవాళ్ళ చూపులు తట్టుకోలేక, కత్తెర తీసి కనుబొమలు కత్తిరించేసుకుంటుంది. పళ్ళనొప్పి వచ్చినట్టు రుమాలు దవడ చుట్టూ కట్టుకుని, పాత గౌను వేసుకుని నడుస్తుంది. అందం వరం అనేవాళ్ళు ఈ పేజీ చదవాలి. సొంత ముఖాన్ని సొంత చేతులతో పాడుచేసుకోవడం కూడా చెయ్యడమే.

తర్వాత అలెక్ మళ్ళీ వస్తాడు, ఈసారి మత ప్రచారకుడిగా మారి. ఆమెని చూడగానే ఆ భక్తి కాస్తా కారిపోతుంది, దానికీ ఆమెదే నేరం. నువ్వు నన్ను ప్రలోభపెడుతున్నావు, ఇంక ప్రలోభపెట్టనని ఈ రాతి మీద చెయ్యేసి ఒట్టు పెట్టు అంటాడు. నిలువెల్లా దుమ్ముకొట్టుకుని కూలి చేసుకుంటున్న పిల్ల మీద! ఇంకోరోజు నూర్పిడి యంత్రం దగ్గర, గడ్డివామి మీద కూర్చుని తిండి తింటుంటే మొగుణ్ణి వెక్కిరిస్తాడు. ఆమె బరువైన తోలు గ్లవ్ తీసి అతని మూతి మీద కొడుతుంది, రక్తం వస్తుంది. ఆ వెంటనే ఆమె అన్న మాటకి అర్థం ఇది: కొట్టు, చంపు, అరవను, ఒకసారి బలైనవాళ్ళు ఎప్పటికీ బలే. కొట్టిందీ ఆమే, ఓడిపోయానన్నదీ ఆమే. రెండూ ఒకే ఊపిరిలో. టెస్ చేస్తుందా, చెయ్యదా అని తేల్చాలనుకునేవాళ్ళకి ఇది దొరకదు.

అలెక్ దగ్గరికి తిరిగి వెళ్ళడం కూడా అలాంటిదే. ఇంటి కౌలు తండ్రి ఆయుష్షుతో ముడిపడి ఉంది. ఆయన పోగానే తల్లినీ పిల్లల్నీ సామాన్లతో సహా వీధిలోకి నెట్టారు. చర్చి గోడ పక్కన, తమ పూర్వీకుల సమాధుల దగ్గర మంచం వేసుకుని పడుకున్నారు. ఏంజెల్‌కి రాసిన ఉత్తరాలకి జవాబు లేదు. గుర్రం చచ్చిన రోజు మొదలైన లెక్క ఇక్కడ మళ్ళీ వచ్చింది: ఇంటిల్లిపాదీ నీడకి వెల ఆమె ఒళ్ళు. ఆ లెక్క ఆమెకి పూర్తిగా తెలుసు, తెలిసే వెళ్ళింది.

పోల్చి చూడాలంటే 2011లో మైఖేల్ వింటర్‌బాటమ్ ఇదే కథని రాజస్థాన్‌కి తెచ్చి తీసిన ‘తృష్ణ’ చూడండి, ఫ్రీడా పింటో నటించింది. (1967లో నూతన్‌తో హిందీలో ‘దుల్హన్ ఏక్ రాత్ కీ’ కూడా వచ్చింది.) ‘తృష్ణ’లో అలెక్, ఏంజెల్ ఇద్దర్నీ కలిపి జై అనే ఒక్క మగవాడిని చేశారు. ఆలోచన తెలివైనదే, మంచివాడూ చెడ్డవాడూ ఒకడే అని. కానీ దాంతో ఆ అమ్మాయి చేతులకి పని లేకుండా పోయింది. బాప్తిజం లేదు, పాదిరీకి ఎదురు చెప్పడం లేదు, గ్లవ్ లేదు. ఆఖరి కత్తి ఒక్కటే మిగిలింది. మీ ఫిర్యాదు ఆ సినిమా మీద అయితే నేను సంతకం పెట్టేదాన్ని.

పొలాన్‌స్కీ ఆ కత్తిపోటుని చూపించడు. కింది గది పైకప్పు మీద ఒక ఎర్రటి మరక చూపిస్తాడు, అది మెల్లగా పెద్దదవుతుంది. గుర్రం గాయం మీద పెట్టిన చెయ్యి నాకు అక్కడ గుర్తొస్తుంది. హత్యని నేను సమర్థించను. కానీ తర్వాత ఆమె ఏం చేసిందో చూడండి. నన్ను చెరిచాడు, నన్ను నాశనం చేశాడు అని కోర్టులో చెప్పుకోవడానికి ఆమె దగ్గర కావలసినంత ఉంది. స్టోన్‌హెంజ్‌లో రాతి మీద పడుకుని నిద్రపోతుంది. పోలీసులు చుట్టుముట్టి, ఆమె లేచేదాకా ఆగుతారు. లేచి, నేను సిద్ధంగా ఉన్నాను అంటుంది. బండి మీద నిద్రపోతే గుర్రం పోయింది, అడవిలో నిద్రపోతే బతుకు పోయింది. మూడోసారి నిద్ర లేచాక ఆమెని ఎవరూ ఎక్కడికీ లాక్కెళ్ళలేదు, తనే లేచి నడిచింది.

ఇంత చెప్పాక, నాకు కొరుకుడు పడని ఒక మాట ఉంది. నవలలో ఆ రాత్రి నిద్రపోయే ముందు ఆమె ఏంజెల్‌ని ఒకటి అడుగుతుంది. నేను పోయాక నా చెల్లెలు లిజా-లూని పెళ్ళి చేసుకో, దానిలో నా మంచి అంతా ఉంది, నా చెడు ఏదీ లేదు అని. చివరి పేజీలో, ఉరి అయిపోయిందని తెలిపే నల్ల జెండా జైలు మీద ఎగిరేటప్పుడు ఏంజెల్, ఆ చెల్లెలు ఇద్దరూ కొండ మీద నిలబడి చూస్తారు, తర్వాత చేతులు పట్టుకుని నడుచుకుంటూ వెళ్ళిపోతారు. హార్డీ ఆ పిల్లని వర్ణించేటప్పుడు, సగం పిల్ల సగం స్త్రీ, టెస్‌కి మరో రూపం, ఆమెకంటే సన్నగా, కళ్ళు మాత్రం అవే అంటాడు. మళ్ళీ అదే ముఖం.

ఆ క్యాసెట్ వేసిన ఏడాది, ఆఖరి పాఠం రోజు, ఆ పేజీ చదివి పుస్తకం మూశాను. స్ట్రాబెర్రీ వాక్యం చూపించిన అమ్మాయి మూడో బెంచీలో లేచి నిలబడింది. క్లాసులో ఆ పిల్ల గొంతు వినడం నాకు అదే మొదలు.

“మేడమ్, లిజా-లూని ఎవరైనా అడిగారా?”